గోడ ఎత్తు సరే, తల్లుల మాట ఏది?

ఆ మధ్య జమ్మలమడుగు ప్రాంతంలో ఆడపిల్లల హాస్టలు బడి కట్టడం గురించి ఒక ఊళ్ళో పెట్టిన సభకు వెళ్ళాను. కుర్చీల్లో ఊరి పెద్దలు, కింద ఆడవాళ్ళు. స్థలం ఎవరిది, శిలాఫలకం మీద ఎవరి పేరు, ప్రహరీ గోడ ఎంత ఎత్తు - చర్చంతా ఇదే. చివరికి నాపరాయి గనిలో కూలికి పోయే ఒక తల్లి లేచింది. "గోడ సరే సార్, రాత్రిపూట నా బిడ్డ లేస్తే బాత్రూముకు యాడికి పోవల్ల? ఆడ లైటు, నీళ్ళు ఉంటాయా?" అంది. అందరూ నవ్వారు. "అవి ఇంజనీర్లు చూసుకుంటారులేమ్మా" అన్నారు. 'ప్రజల భాగస్వామ్యంతో తీర్మానించడమైనది' అని మాత్రం రాసుకున్నారు.

ఎవరీ 'ప్రజలు'? ఫ్యాక్షన్లు చూసిన ఈ సీమలో 'ఊరు' అంటే అందరూ కాదని ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా ఎవరినడిగినా చెబుతారు. భూమి ఉన్నవాడు స్థలం ఇస్తాడు. ఇచ్చినవాడి మాటే ఊరి మాట అవుతుంది. ఆ స్థలం బస్సు దిగేచోటికి ఎంత దూరమైనా నడవాల్సింది పిల్లలే.

2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో 75 శాతం సీట్లు దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల, మైనారిటీ బాలికలవి. మిగతావి దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాల బాలికలవి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది ఆ కమిటీయే. కానీ నేను చూసిన చోట్ల తల్లులకు మిగిలింది సంతకం పెట్టే పని మాత్రమే.

రక్షణ అనగానే గోడ లేపడం పితృస్వామ్యానికి అలవాటు. స్నానాల గదికి లోపలి గడియ లేనప్పుడు బయట ఎంత ఎత్తు గోడ ఉండి ఏం లాభం? ముట్టు గుడ్డలు ఆరేసుకునే చోటు లేని ఆవరణను ఆడపిల్లల కోసం కట్టామని ఎలా అంటాం?

చదువురాని వాళ్ళకు ప్లాను ఏం అర్థమవుతుందని అడిగేవాళ్ళున్నారు. ఎండకు బండ ఎంత కాగుతుందో, ఏ నెలలో బోరు ఎండుతుందో చెప్పగలిగేది ఈ తల్లులే. కాగితం అర్థం కాకపోతే నేల మీద ముగ్గు పోసి చూపించండి. తల్లులనూ పిల్లలనూ దాని మీద నడవనివ్వండి. పడక ఎక్కడో, నీళ్ళెక్కడో, దొడ్డి ఎక్కడో వాళ్ళనే చెప్పనివ్వండి.

మన సంఘాలు కూడా ఆలోచించాలి. కట్టడం పూర్తయ్యాక లోపాల మీద నివేదికలు రాయడం మనకు అలవాటైపోయింది. పునాది తీయకముందే దళితవాడలో, ఆడవాళ్ళు కూలి నుంచి తిరిగొచ్చే వేళకు సభ పెట్టించుదాం. వాళ్ళు ఒప్పుకోని ప్లానుకు పని మొదలు కాకూడదని పట్టుబడదాం.