రశీదు ఎవరు ఎవరికివ్వాలి?

సంపాదకులకు,



పోయిన ఆదివారం మీ అనుబంధంలో 'ఇంట్లో దొంగలు పడితే...' అంటూ వేసిన పది సూచనలు రెండుసార్లు చదివాను. మూడోసారి మా ఆవిడ నా చేతిలోంచి పేపరు లాక్కుని చదివింది. "ఇది రాసినాయన ఇంట్లో ఎప్పుడూ దొంగలు పడలేదండీ" అని తేల్చేసింది.

మొదటి సూచన, దేన్నీ ముట్టుకోకండి, ఎవర్నీ లోపలికి రానివ్వకండి అని. పోయినేడు సంక్రాంతికి కూతురింటికి వెళ్ళి ముక్కనుమ నాడు తిరిగొచ్చేసరికి మా వీధి తలుపు గొళ్ళెం ఊడి వేలాడుతోంది. మేం ఆటో దిగేలోపే లోపల పదిహేనుమంది ఉన్నారు. పక్కింటి వదినగారు చెల్లాచెదురైన చీరలన్నీ మడతపెట్టి, పాపం, ఇల్లు ఊడ్చి కూడా పెట్టారు. క్లూస్ టీం వచ్చేసరికి మా బీరువా మీద వీధి వీధంతటి వేలిముద్రలూ ఉండి ఉంటాయి. సీసీ కెమెరా ఉండాలన్నారు. ఉంది. దొంగ దాని డీవీఆర్ పెట్టె కూడా చంకన పెట్టుకుపోయాడు.

అదీ పోనివ్వండి. నా కడుపుమంటంతా మీ నాలుగో సూచన మీద. 'వెంటనే ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకోవాలి' అని ఒక్క ముక్క రాసి ఐదోదానికి వెళ్ళిపోయారు. ఆ ఒక్క ముక్క దాటడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

పోయింది పన్నెండు కాసుల బంగారం. మా ఆవిడ కాసులపేరు, మా అత్తగారు పెట్టిన గాజులు. "రశీదులు తెచ్చారా?" అన్నారు స్టేషన్లో. 1981లో మా ఊరి కంసాలి కుంపటి ముందు కూర్చుని చేసిచ్చిన నగకి రశీదేమిటి? ఆయన పోయే ఇరవై ఏళ్ళయింది. "అయితే నాలుగు కాసులని రాయండి, పని తొందరగా అవుతుంది" అన్నారు. నలభై ఏళ్ళు మెడలో మోసిన బరువెంతో మా ఆవిడకు తెలీదా? సరే, పన్నెండనే రాసి అర్జీ ఇచ్చాను. అందినట్టు కాగితం ఇమ్మంటే, విచారించాక చూద్దామన్నారు. నేను ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని, రిజిస్టరు ఉత్తరం తెచ్చిన ప్రతి మనిషికీ, లోపల ఏముందని అడక్కుండా రశీదు ఇచ్చినవాణ్ణి. నా బంగారానికి నన్ను రశీదు అడిగినవాళ్ళు నా ఫిర్యాదుకు రశీదివ్వరట!

వకీలుగా ఉన్న మా మేనల్లుడు చెబితే తెలిసింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, మా పరిధి కాదని ఏ స్టేషనూ తిప్పి పంపకూడదు. ఎఫ్ఐఆర్ కాపీ పైసా తీసుకోకుండా అప్పటికప్పుడే ఇవ్వాలి. స్టేషన్లో కాదంటే సంగతంతా రాసి ఎస్పీగారికి పోస్టులో పంపొచ్చు. పోస్టులో! ఇంత బతుకూ బతికి ఆ సంగతి నాకే తెలీలేదు. ఇలాంటి నేరం జరిగినట్టు ఫిర్యాదులోనే కనబడుతుంటే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే లలితాకుమారి కేసులో చెప్పింది కూడా. అక్నాలెడ్జిమెంటు జతచేసి ఎస్పీగారికి రిజిస్టరు ఉత్తరం కొట్టాను. మూడోనాడు స్టేషన్నుంచి ఫోను: "పెద్దాయనా, ఒకసారి వచ్చి కాపీ పట్టుకెళ్ళండి." (ఇప్పుడు ఆ రిజిస్టరు పోస్టునే స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆ గోడు ఇంకో ఉత్తరంలో.)

మీ మీద ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. చోరీ జరిగిన మర్నాడు మీ జిల్లా పేజీలో మా వీధి పేరు, పిల్లలు దూరాన ఉంటారన్న సంగతి, బీరువా తాళాలు పరుపు కింద ఉండేవన్న గుట్టు, అన్నీ అచ్చేశారు. మిగతా దొంగలకు వెతుక్కునే శ్రమ తప్పించారు. పైగా 'యజమాని నిర్లక్ష్యం' అని ఒక ముక్క. పండక్కి కూతురింటికి వెళ్ళడం నిర్లక్ష్యమా అండీ?

ఇంతకీ దొంగ దొరికాడు. గాజులు అప్పటికే కరిగి ముద్దయ్యాయి. కాసులపేరు మాత్రం అలాగే ఉంది. అది మాదేనని తేల్చింది రశీదు కాదు, మా పెళ్ళి ఫోటో. మీ పది సూచనల్లో ఫోటో మాటే లేదు. "కేసు తేలేదాకా నగ కోర్టులోనే" అన్నారు. అదీ నిజం కాదు. ఫోటోలు తీసి, పంచనామా రాసి, బాండు తీసుకుని సొంతదారుకు ఇచ్చెయ్యాలని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషన్ వేశాం, తెచ్చుకున్నాం. దర్యాప్తు ఎంతదాకా వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు చెప్పాలన్నదీ కొత్త చట్టంలో ఉంది. మాకెవరూ చెప్పలేదు, మేమే వెళ్ళి అడిగాం.

కాబట్టి ఆ నాలుగో సూచనను మళ్ళీ వేయండి, ఈసారి పూర్తిగా. తాళాల సంగతి మాకు తెలుసు. దొంగ వెళ్ళిపోయాక స్టేషన్ గుమ్మంలో ఏం మాట్లాడాలో మాకు తెలీదు. అది చెప్పండి.

ఈ ఉత్తరం అచ్చువేసినా వేయకపోయినా, అందినట్టు ఒక కార్డు ముక్క రాయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత సబ్ పోస్టుమాస్టర్,
తూర్పు గోదావరి జిల్లా