సప్పుడు లేని బండి తాళం చెవి ఎవరి జేబులో ఉండాలి?



ఈసారి చంద్రికలు శుభ్రం చేసుకునే పద్ధతి రాస్తానని అడ్మిన్ అన్నకి మాట ఇచ్చాను. అది వచ్చే నెల రాస్తాను. ఈ నెల మాత్రం ఆకు మోసే కరెంటు బండి గురించి రాయాలి. ఎందుకంటే మా ఇంటామె ఆరు వారాలు కాలికి కట్టుతో మంచం మీద ఉండింది. దానికి కారణం ఆ బండి కాదు, నేను.

జరిగింది చెప్తాను. నాలుగో జ్వరం లేచి మూడో రోజు. 200 గుడ్ల పంట. ఆ రోజుల్లో పురుగు ఎట్లా తింటుందో మీకు చెప్పాల్సిన పని లేదు. పంట మొత్తానికి పట్టే ఆకులో నూటికి ఎనభై పాళ్లు ఆ ఏడెనిమిది రోజుల్లోనే పోతుంది. సాయంత్రం తోటలో కొమ్మలు కోసి బండికి ఎత్తుతున్నాం. నేను బండి దిగి కట్టలు తేవడానికి పోయినాను. తాళం చెవి బండికే ఉంది, స్విచ్ ముందుకు పోయే వైపే ఉంది. బ్రేకు వేయలేదు. మా తమ్ముడి కొడుకు, 13 ఏళ్లవాడు, సీటు మీదికి ఎక్కి కూర్చుని హ్యాండిల్ పట్టుకున్నాడు. వాడి మణికట్టు తిరిగింది, బండి ఒక్కసారి ముందుకి దూకింది. ముందు మా ఇంటామె వంగి తాడు చుడుతున్నది. ఆమె కాలు బండికీ రాతి కూసానికీ మధ్య పడింది.

వాడు ఏడుస్తా అన్నమాట, "పెద్దనాయనా, బండి ఆఫ్‌లో ఉందనుకున్నా." వాడిది తప్పు కాదు. సప్పుడు లేని బండి ఆఫ్‌లో ఉందో ఆన్‌లో ఉందో నాకే తెలీదు, వాడికేం తెలుస్తుంది?

ఆసుపత్రిలో మా ఇంటామె ఒక మాట అనింది. "టిల్లరో ట్రాక్టరో అయ్యుంటే సప్పుడు విని పక్కకి జరిగేదాన్ని." ఆ మాట మీదే నేను ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ బండికి సప్పుడు లేదు, పొగ లేదు, గేరు లేదు. అందుకని మనం దాన్ని బండి అనుకోవడం లేదు, ఇంట్లో సామాను అనుకుంటున్నాం. పిల్లలకి ఇస్తాం, పురుగులింట్లో పెడతాం, దొరికిన ప్లగ్గులో గుచ్చుతాం. పురుగుకి ఎంత శిస్తుగా ఉంటామో ఈ బండికీ అంత శిస్తు ఉండాలి. లేకపోతే బండి వల్ల మిగిలే డీజిల్ డబ్బు ఒక్క రోజులో ఆసుపత్రికి పోతుంది.

కొందరు అన్నలు అంటారు, "ఈ తలనొప్పి ఎందుకప్పా, డీజిల్ బండే మేలు" అని. నేను ఒప్పుకోను. తోట నుంచి షెడ్డు దాకా రోజుకి నాలుగైదు సార్లు తిరిగే పనికి కరెంటు బండే సరి. ఆకు పక్కన పొగ ఉండదు. కిక్కు కొట్టే పని లేదు కాబట్టి ఆడవాళ్లు కూడా నడుపుకుంటారు. మా ఇంటామె కాలు బాగైనాక మళ్లీ నడుపుతున్నది ఆ బండినే. బండిని వద్దనడం లేదు, దాన్ని లెక్కలేకుండా చూడడం వద్దంటున్నాను.

మొదటి మాట తాళం చెవి. సీటు దిగితే చెవి జేబులోకి రావాలి. రెండు నిమిషాలకైనా సరే, నాలుగు అడుగులు పోయేదానికైనా సరే. దిగేముందు చేతి బ్రేకు వేయాలి, ముందుకి-వెనక్కి స్విచ్ మధ్యలో పెట్టాలి, చెవి తీయాలి. ఎక్కేటప్పుడు బండి చుట్టూ ఒకసారి చూసి, గట్టిగా "పోతున్నా" అని ఒక కేక వేయాలి. సప్పుడు బండికి లేదు కాబట్టి మన నోట్లో నుంచి రావాలి. వెనక్కి తీసేటప్పుడు మరీ ముఖ్యం. మా ఇంట్లో ఇప్పుడు బండి నడిపేది ఇద్దరమే, చెవి ఉండేది ఆ ఇద్దరి దగ్గరే.

పిల్లల సంగతి. పోయిన నెల ఈ గ్రూపులోనే ఒక అన్న తన కొడుకు ఆకు లోడుతో బండి నడిపే వీడియో పెట్టినాడు. అందరం బొటనవేలు గుర్తు పెట్టినాం. నేనూ పెట్టినాను. మా ఇంట్లో ప్రమాదం జరిగింది దాని తరువాత పది రోజులకే. ఆ అన్నని ఏమీ అనడం లేదు, నన్ను నేనే అనుకుంటున్నాను. చట్టం కూడా తెలుసుకోండి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం మైనరు పిల్లలు బండి నడిపి నేరం జరిగితే తండ్రికి గానీ బండి ఓనరుకి గానీ 25,000 రూపాయల జరిమానా, 3 సంవత్సరాల దాకా జైలు పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. "తోటలోనే కదా" అంటారు. ఎముక విరగడానికి రోడ్డే కావాలని లేదు.

రెండో మాట ఛార్జింగ్. దీని మీద నాకి గట్టి అభిప్రాయం ఉంది. *పురుగులింట్లో బండి ఛార్జింగ్ పెట్టకూడదు.* మన షెడ్డులో ఏముంటాయో ఒకసారి లెక్కపెట్టండి. వెదురు చంద్రికలు, తట్టలు, పేపర్లు, నైలాన్ వల, ఎండిన కొమ్మలు. అన్నీ అంటుకునేవే. నాలుగో జ్వరం దాటినాక మనలో చాలామంది రాత్రి అక్కడే పడుకుంటాం. అలాంటి చోట రాత్రంతా ఒక ప్లగ్గు వేడెక్కుతా ఉంటే ఏమవుతుంది? నాది ఒకసారి కాలింది. ఎక్స్‌టెన్షన్ పెట్టెలో సన్న వైరుతో పెట్టింటిని. పొద్దున చూస్తే ప్లగ్గు కరిగి గోడకి అతుక్కుని ఉంది. అదృష్టం, అది షెడ్డు బయట పంచలో.

ఇంకో కారణం చాలామంది ఆలోచించరు. మనం పంట-పంటకి బ్లీచింగ్ పౌడరు కొడతాం, సున్నం చల్లుతాం. మనకి కళ్లు మండించే ఆ గాలి బండి వైర్ల చివరలను, బ్యాటరీ బిగింపులను కూడా తింటుంది. పచ్చగా, తెల్లగా తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన బిగింపు వేడెక్కుతుంది. అందుకే మందు కొట్టే రోజు బండిని దూరంగా తోసుకుపోండి.

ఇక లెడ్ బ్యాటరీ అయితే ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ గాలి వస్తుంది. దానికి వాసన లేదు, నిప్పు తగిలితే పేలుతుంది. గాలి ఆడే చోటే పెట్టాలి. పక్కన బీడీ, దీపం, కుంపటి ఉండకూడదు.

సరే, ఎక్కడ పెట్టాలి? షెడ్డుకి దూరంగా, వాన తగలని పంచలో, ఒక విడి 16 ఆంపుల సాకెట్. దానికి సరిపడా మందం వైరు, ఒక ఎంసీబీ, కరెంటు లీకైతే వెంటనే పడిపోయే స్విచ్ ఒకటి. ఉప్పూ బొగ్గూ వేసి సరైన ఎర్తింగ్. నేను ఇవన్నీ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించుకున్నాను. పది కిలోల గూళ్ల ధర కూడా కాలేదు. బండితో వచ్చిన ఛార్జరే వాడండి, సంతలో దొరికేది వద్దు.

బోరు దగ్గర పెట్టుకునేవాళ్లకి ఒక మాట. 10 హెచ్‌పీ దాకా పంపుసెట్లకి సర్కారు ఉచితంగా ఇచ్చే కరెంటు నీళ్లు తోడడానికి ఇచ్చింది, బండికి కాదు. పైగా ఆ లైనులో ఓల్టేజీ ఎట్లా ఎగిరి పడుతుందో మన మోటార్లు కాలినప్పుడల్లా చూస్తున్నాం. మోటారు కాయిల్ కాలితే మళ్లీ చుట్టిస్తాం. బ్యాటరీ పాడైతే చుట్టించేది లేదు.

ఇంకొకటి. పురుగు జ్వరంలో ఉంటే ఆకు వేయం కదా? బండికీ అట్లాంటి పూట ఉంది. మార్చి, ఏప్రిల్ ఎండలో లోడు మోసి వచ్చిన బ్యాటరీ వేడిగా ఉంటుంది. నీడలో అరగంట నిలబెట్టి, చల్లబడినాక ప్లగ్గు పెట్టండి. పంటకీ పంటకీ మధ్య బండి ఊరికే నిలబడే రోజుల్లో లెడ్ బ్యాటరీని ఖాళీగా వదలొద్దు, నిండుగా ఛార్జ్ చేసి పెట్టండి. లిథియం అయితే సగం పైన ఉంటే చాలు.

లెడ్ బ్యాటరీలో పోసేది డిస్టిల్డ్ వాటరే. మన బోరు నీళ్లలో ఫ్లోరైడు, ఉప్పులు ఎంత ఉన్నాయో మన పళ్లు చూస్తే తెలుస్తుంది. అది బ్యాటరీకి విషం. ప్లేట్లు మునిగేంత మట్టం ఉంటే, ఛార్జింగ్ అయిపోయినాకే నీళ్లు నింపండి. మూత తీసేముందు చేతికి ఉంగరం, గాజు, కడియం తీసేయండి. కళ్లద్దం పెట్టుకోండి. యాసిడ్ కంట్లో పడితే ధారగా నీళ్లు పోస్తానే ఉండి ఆసుపత్రికి పోవాలి. లిథియం పెట్టెను మాత్రం ఎవరూ ఇప్పొద్దు. అది ఉబ్బినా, వాసన వచ్చినా, వాననీళ్లలో మునిగినా ఛార్జ్ పెట్టకుండా కంపెనీవాళ్లని పిలవండి. పొగ వస్తే మెయిన్ ఆపగలిగితే ఆపి, మనుషులందరూ దూరంగా పోయి 112కి ఫోన్ చేయండి. బండి మళ్లీ కొనుక్కోవచ్చు.

మూడో మాట లోడు. నియమం ప్రకారం ఈ-కార్ట్ అనే చిన్న బండికి వేగం గంటకు 25 కిలోమీటర్లు, సరుకు 310 కిలోలు దాటకూడదు. పెద్ద లోడరు అయితే దాని రేకు మీద రాసి ఉంటుంది, చూసుకోండి. మల్బరీ కొమ్మలు తేలికే కదా అని మనిషెత్తు పేరుస్తాం. బరువు తక్కువైనా ఎత్తు ఎక్కువైతే మూడు చక్రాల బండి మలుపులో పల్టీ కొడుతుంది. మన ఊళ్లు కొండల మధ్యవి, దిగుళ్లు ఎక్కువ. దిగుడులో న్యూట్రల్ వేయొద్దు, పైనుంచే నిదానంగా దిగండి. లోడు మీద మనిషిని కూర్చోబెట్టొద్దు. వారానికి ఒకసారి టైర్ల గాలి, బ్రేకు చూడండి. మల్బరీ నార, తాళ్ల ముక్కలు ఇరుసుకి చుట్టుకుని ఉంటాయి, తీసేయండి. స్ప్రే పంపుతో ప్రెషర్‌గా కడగొద్దు, మోటారులోకి నీళ్లు పోతాయి. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

గూళ్లు శిడ్లఘట్టకి తీసుకుపోవడానికి దీన్ని హైవే మీదికి ఎక్కించేవాళ్లు ఉన్నారు. లారీలు, బస్సులు దూసుకుపోయే 44వ నెంబరు రోడ్డు మీద 25 కిలోమీటర్ల వేగంతో, తెల్లవారుజాము చీకట్లో పోవడం ప్రాణంతో పందెం. మార్కెట్‌కి నలుగురు కలిసి ఒక పెద్ద బండి మాట్లాడుకుందాం. ఇది తోటకీ షెడ్డుకీ మధ్య ఉండనీయండి.

ఆఖరుది మన పంట సంగతే. ఈ బండిలోనే టమాటాకి కొట్టే మందు డబ్బాలు తెచ్చి, ఆ సాయంత్రమే అదే రేకు మీద ఆకు పేర్చేవాళ్లని చూశాను. మందు ఒక చుక్క కారి ఉంటే చాలు, పురుగులు పచ్చగా కక్కి చచ్చిపోతాయి. అప్పుడు గుడ్లు మంచివి కావని చాకీవాళ్లతో కొట్లాడతాం. పురుగు ఉన్నన్ని రోజులు బండిలో మందు ఎక్కకూడదు. ఆకు కింద పరిచే పట్టా వేరేగా పెట్టుకోండి.

మనం అడగాల్సింది కూడా ఒకటి ఉంది. బండి అమ్మేవాళ్లు ఇచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. నేను ఎస్సెల్సీ చదివినవాణ్ని, మా పాప చదివి చెప్తే గానీ సగం అర్థం కాలేదు. బండి కొనేటప్పుడు డబ్బు కట్టేముందే అడుగుదాం, నడిపేవాళ్లు అందరికీ, ఆడవాళ్లకీ కలిపి, మన మాటలో ఒక పూట నేర్పించి పొండి అని. రేష్మె ఇలాఖ శిక్షణలో రోగాలు, ఊజీ ఈగ, చంద్రికల గురించి చెప్తారు. అందులో బండి గురించి ఒక గంట పెట్టమని మనమే అడగాలి. అడగకపోతే ఎవరూ పెట్టరు.

ఆ పంటలో నాకి గూడు తగ్గింది. రోజూ ఆకు వేసే చేతులు మంచం మీద ఉంటే పురుగు అర్ధాకలితోనే పండింది. గూడు నష్టం తరువాతి పంటలో పూడ్చుకున్నాను. మా ఇంటామె మాత్రం ఇప్పటికీ బండి ముందు నుంచి నడవదు, చుట్టూ తిరిగి పోతుంది.

ఈ రోజు సాయంత్రం ఆకు దించినాక ఒకసారి బండి దగ్గరికి పోయి చూడండి. చెవి దానికే ఉంటే తీసి జేబులో వేసుకోండి. మీ ఇంట్లో ఛార్జింగ్ ఎక్కడ పెడుతున్నారో గ్రూపులో రాయండి, మాట్లాడుకుందాం.

మీ రైతు సోదరుడు, గుడిబండె