హలో అనవచ్చా, అయ్యగారూ?



మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన నన్ను పక్కకు పిలిచారు. "అయ్యగారూ, మీరు ఫోన్ ఎత్తంగనే హలో అంటున్రు. దైవసేవకులు ప్రైజ్ ద లార్డ్ అనాలె గదా! మీరే గట్లంటే పిలగాండ్లు ఏం నేర్చుకుంటరు?" అన్నారు. కోపంతో కాదు, ప్రేమతోనే అన్నారు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను గానీ ఆ మాట వారమంతా నా మనసులోంచి పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఈ హలో సంగతి చూద్దాం. ఇది మొదట నమస్కారం కాదు, కేక. ఇంగ్లీషువాళ్లు దూరంగా ఉన్న మనిషిని పిలవడానికి హల్లో, హొల్లా అని అరిచేవారు. మన దగ్గర చేను గట్టు మీద నిలబడి "ఓ మల్లన్నా!" అని కేకేస్తాం చూడండి, అట్లాంటిది. అలెగ్జాండర్ గ్రాహం బెల్ గారికి 1876లో టెలిఫోన్ మీద పేటెంట్ వచ్చింది. అప్పుడు ఫోన్‌లో మొదటి మాట ఏమనాలి అనే ప్రశ్న వచ్చింది. బెల్ గారికి ఓడల మీద నావికులు పిలుచుకునే అహోయ్ అనే మాట ఇష్టం. థామస్ ఎడిసన్ గారు మాత్రం 1877 ఆగస్టు 15న ఒక ఉత్తరం రాస్తూ, పిలవడానికి గంట అక్కరలేదు, హలో అంటే పది ఇరవై అడుగుల దూరానికి కూడా వినబడుతుంది అన్నారు. చివరికి ఆయన మాటే నిలిచింది.

ఇప్పుడు ఆ మాట మన నోళ్లలో ఎన్ని పనులు చేస్తున్నదో చూడండి. సభలో మైకు పట్టుకుంటే "హలో, హలో, మైక్ టెస్టింగ్". లైను తెగిపోతే "హలో... హలో... వినబడ్తుందా?" బస్సులో ఎవరైనా కాలు తొక్కితే "హలో, కండ్లు కనబడ్తలేవా?" పేరు తెలియని మనిషిని ఆపాలంటే "హలో, ఎటు పోతున్నవ్?" ఒకే మాట ప్రేమకూ వస్తుంది, అదిలింపుకూ వస్తుంది. అంటే మాటలో మంచీ లేదు, చెడూ లేదు. పలికే మనసును బట్టి ఉంటుంది.

ఇక్కడ మీకు మా తాత సంగతి చెప్పాలి. ఆయన దొర గడి ముందు నుంచి పోవలసి వస్తే కాళ్ల చెప్పులు విడిచి చేత పట్టుకునేవాడట. భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకునేవాడట. దొర కనబడితే "నీ బాంచన్ దొరా, కాల్మొక్త" అనేవాడట. బాంచన్ అంటే బానిసను అని. ఒక మనిషి ఇంకో మనిషికి పెట్టే నమస్కారమే "నేను నీ బానిసను" అయితే, ఆ నమస్కారం ఎంత బరువో ఆలోచించండి. దొర తిరిగి ఏమీ అనేవాడు కాదు. అసలు మన పట్నం పేరులోనే హుజూర్ ఉంది. పెద్దవారి ఎదుట వంగి "చిత్తం ప్రభువా" అన్నట్టు పలికే ఉర్దూ మాట అది.

ఆ బాంచన్ మాట ఊరికే పోలేదు. మన పాత కరీంనగర్ జిల్లాలో వెట్టికీ దొరతనానికీ ఎదురు నిలిచి కూలీలు, రైతులు లేచారు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన జైత్రయాత్రను పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఊళ్లలోకి ఎస్‌టీడీ బూత్‌లు వచ్చాయి. దుబాయికి పోయిన కొడుకు ఫోన్ చేస్తాడని తల్లులు బూత్ ముందు బండ మీద గంటల తరబడి కూర్చునేవారు. ఫోన్ మోగగానే వణికే చేతులతో అందుకుని "అలో" అనేవారు. అవతల నుంచి "అమ్మా" అని వినబడితే చాలు, ఏడుపు ఆగేది కాదు. ఆ తల్లికి హలో అంటే "నా కొడుకు బతికే ఉన్నాడు" అని అర్థం.

నాకు ఇంకో సంగతి కూడా తోస్తుంది. ఆ రోజుల్లో ఫోన్ ఎత్తేటప్పుడు అవతల ఉన్నది దొరో కూలీయో, ఏ కులమో, మగవాళ్లో ఆడవాళ్లో తెలిసేది కాదు. అందుకని అందరికీ ఒకే మాట అన్నాం. మన ఊళ్లలో ఎదుటివాడి స్థాయి చూడకుండా ముందే పలికిన నమస్కారం బహుశా ఇదే. ఈ పని సువార్త చేయవలసింది. మనం చేయలేదు, ఫోన్ చేసింది. ఈ మాట రాస్తుంటే నాకు సిగ్గుగానే ఉంది.

వాక్యంలోకి వద్దాం. రూతు గ్రంథం 2వ అధ్యాయంలో బోయజు తన పొలానికి వస్తాడు. అతడు ఆసామి, అక్కడ కోత కోస్తున్నవాళ్లు కూలీలు. ముందు ఎవరు పలకరించారు? ఆసామే! యెహోవా మీకు తోడై ఉండాలని అతడు ముందు దీవించాడు, కూలీలు తిరిగి దీవించారు. మన ఊళ్లో నాటు వేసే ఆడవాళ్లను గట్టు మీదికి వచ్చిన ఆసామి ఎట్లా పలకరిస్తాడో మీకు తెలుసు. "ఇంకా గింతేనా అయింది?" అంటాడు.

రోమా పత్రిక 16వ అధ్యాయం తీయండి. చాలామంది అది ఉత్త పేర్ల జాబితా అని దాటేస్తారు. పౌలు అక్కడ ఇరవైమందికి పైగా పేరు పేరునా వందనాలు చెప్పాడు. అందులో స్త్రీలున్నారు. అంప్లీయతు లాంటి పేర్లు ఆ కాలంలో బానిసలకు ఎక్కువగా పెట్టేవారు. పత్రికను చేత్తో రాసిన తెర్తియు కూడా మధ్యలో తన వందనం తాను చెప్పుకున్నాడు. చక్రవర్తి కూర్చున్న పట్నానికి ఉత్తరం రాస్తూ, లోకం లెక్కచేయని వాళ్ల పేర్లు రాశాడు పౌలు.

"మరి లూకా 10లో దారిలో ఎవరినీ పలకరించవద్దని ప్రభువే చెప్పాడు గదా?" అని మీరు అడగవచ్చు. ఆ దేశాల్లో దారిలో పలకరింపు అంటే చాలాసేపు సాగేది. పని తొందర ఉన్నది గనుక అట్లా చెప్పాడు. ఆ వెంటనే, ఏ ఇంట్లో అడుగు పెట్టినా ముందు సమాధానం పలకమన్నాడు.

ఇక మన వందనాల సంగతి. యూదా కూడా గురువుకు శుభం చెప్పి ముద్దు పెట్టుకున్నాడు. సిలువ వేసే ముందు సైనికులు కూడా మోకాళ్లూని వందనం చేశారు. ఇంగ్లీషులో గుడ్‌బై అనే మాట "దేవుడు మీకు తోడుండును గాక" అనే దీవెన అరిగి అరిగి అయింది. అందులో దేవుడున్నాడని ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. దేవుని పేరు ఉన్న మాట కూడా ఉత్తదైపోవచ్చు. ఏ అర్థమూ లేని కేకలో కూడా ప్రేమ నింపవచ్చు. 2021 అక్టోబరులో మన దగ్గర ఉపఎన్నిక జరిగినప్పుడు ఎంతమంది వచ్చి చేతులెత్తి దండం పెట్టారో గుర్తుందా? ఓట్లు పడ్డాక ఎంతమంది మిగిలారు?

వేరేవాళ్లను అనడం సులువు. నా సంగతి చెప్తాను. మన మందిరం ఊడ్చే అమ్మ ఎన్నో ఏండ్లుగా ప్రతి శనివారం "అయ్యగారూ వందనాలు" అంటుంది. నేను తలూపుతాను. ఈ వారం కూర్చుని ఆలోచిస్తే, ఆమెకు నేను ముందుగా వందనం చెప్పిన రోజు ఒక్కటీ గుర్తుకు రాలేదు. సంతవీధుల్లో వందనాలు కోరేవాళ్ల గురించి ప్రభువు మత్తయి 23లో చెప్పిన మాట శాస్త్రులకు, పరిసయ్యులకే అనుకుని ప్రసంగాలు చేశాను. అది నాకే తగిలింది. నిన్న ఆమెకు ముందు నేనే చెప్పాను. ఆమె చీపురు కింద పెట్టి, కొంగు సర్దుకుని, నా వైపు వింతగా చూసింది. ఆ చూపుకు నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి పెద్దాయనకు నా జవాబు ఇది. ప్రైజ్ ద లార్డ్ అనండి, వందనాలు అనండి, శనార్థి అనండి, హలో అనండి. ఏ మాట అయినా నాకు అభ్యంతరం లేదు. ముందు ఎవరు అంటున్నారు, ఎవరికి అంటున్నారు అన్నదే ప్రభువు చూస్తాడు. మన సహోదరులకు మాత్రమే వందనం చేస్తే అందులో గొప్పేమున్నదని ఆయన మత్తయి 5లో అడిగాడు.

1973లో ఐగుప్తు, ఇశ్రాయేలు దేశాల మధ్య యుద్ధం జరిగిన తర్వాత అమెరికాలో ఇద్దరు అన్నదమ్ములు ఒక దినం మొదలుపెట్టారు. నవంబరు 21న పదిమందిని పలకరించాలి, అంతే. దాన్నే ప్రపంచ హలో దినం అంటున్నారు. మనం నవంబరు దాకా ఆగవద్దు. ఈ వారంలోనే పదిమందిని ముందుగా పలకరిద్దాం. మనకంటే పెద్దవాళ్లను, మనతో పనిబడే వాళ్లను ఈ లెక్కలో కలపవద్దు. ఇటుక బట్టీలో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబం, రైస్ మిల్లులో బస్తాలు మోసే బీహారు తమ్ముడు, జమ్మికుంట మార్కెట్లో హమాలీ, మాట్లాడడం మానేసిన అన్నో వదినో, ఇట్లాంటి వాళ్లను కలపండి. పేరు అడగండి. మళ్లీ కనబడినప్పుడు ఆ పేరుతో పిలవండి.

వచ్చే ఆదివారం మందిరం గుమ్మం దగ్గర నేను ముందే వచ్చి నిలబడతాను. ఈసారి ముందు వందనం నాది.

ప్రభువు మిమ్మును, మీ ఇంటివారిని దీవించును గాక. ఆమేన్.