జాబితా నోటీసు బోర్డు మీద పెట్టండి, గూగుల్‌కి ఎక్కించకండి

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మొన్న మా హాస్టల్లో ఒక చెల్లె సరదాకి తన పేరు గూగుల్‌లో కొట్టింది. మొదట వచ్చిందే ఒక పీడీఎఫ్. మూడేళ్ల కింద ఒక ఆఫీసు తన సైటులో పెట్టిన స్కాలర్‌షిప్ జాబితా అది. పేరు, తండ్రి పేరు, తెగ, ఊరు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు అన్నీ ఉన్నాయి. "స్కాలర్‌షిప్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పమ్మా" అని ఆ పిల్లకి ఫోన్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో అప్పుడు మాకు అనుమానం వచ్చింది.

"జాబితా బయట పెట్టకపోతే పైరవీలు జరగవా?" అని కొందరు అడుగుతారు. నిజమే, జాబితా బయట పెట్టాల్సిందే. కానీ నోటీసు బోర్డు మీది కాగితం నెలకి చినిగిపోతుంది. గూగుల్‌కి ఎక్కిన కాగితం ఏళ్ల తరబడి ఉంటుంది, ఎక్కడున్నోడైనా చూస్తాడు. న్యాయం జరిగిందో లేదో తేల్చుకోడానికి హాల్ టికెట్ నంబరు, మార్కులు, ర్యాంకు చాలు. ఖాతా నంబరు లోకానికి ఎందుకు?

ఇది కొత్త సంగతి కూడా కాదు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటికి కనిపిస్తున్నాయని 2017లోనే సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అంచనా వేసింది. అందులో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఆధార్ నంబర్లను ఇలా బహిరంగంగా పెట్టకూడదని 2016 చట్టంలోనే ఉంది.

ఆఫీసుల్ని అంటున్నాం సరే, మన తప్పు కూడా చెప్తా. ఉచిత కోచింగ్ కోసం మన కుర్రాళ్లం కలిసి సైటు చేశాం. దరఖాస్తుల జాబితా అందులో పెట్టి, రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైల్లో "ఇటు రావద్దు" అని రాసి, తలుపు వేసేశాం అనుకున్నాం. అది తలుపు కాదు, గేటు దగ్గర బోర్డు. 1994 నుంచి ఉన్న పద్ధతి. గూగుల్ లాంటి వాటి రోబోలు మాట వింటాయి, వినని రోబోలూ ఉంటాయి. పైగా ఆ ఫైలు ఎవరైనా తెరిచి చదవొచ్చు, అంటే "ఇక్కడ దాచాం" అని మనమే చెప్పినట్టు. వేరే సైటు ఎవరైనా మన పేజీకి లింకు ఇస్తే, గూగుల్ లోపలికి రాకుండానే ఆ చిరునామాని ఫలితాల్లో చూపించగలదు. మాకు అదే జరిగింది.

ఫలితాల్లో రాకూడదంటే పేజీలో నోఇండెక్స్ ట్యాగు పెట్టాలి. పీడీఎఫ్‌లో ఆ ట్యాగు పెట్టలేం కాబట్టి, సర్వరు పంపే హెడర్‌లో ఎక్స్-రోబోట్స్-ట్యాగ్ పెట్టాలి. మేం అదీ పెట్టాం, కానీ రోబోట్స్ ఫైల్లో అడ్డు తీయడం మర్చిపోయాం. రోబోని గేటు దగ్గరే ఆపేస్తే లోపల రాసింది ఎట్లా చదువుతుంది? నోఫాలో అని ఇంకోటి ఉంది. అది ఈ లింకు వెంట వెళ్లొద్దనే సూచన మాత్రమే, అవతలి పేజీని దాచదు.

ఇవేవీ తాళాలు కావు. చిరునామా తెలిసినోడు నేరుగా వచ్చి చూస్తాడు. విద్యార్థి సొంత వివరాలకు లాగిన్ ఉండాలి, లేదంటే అసలు నెట్‌లో పెట్టకూడదు. నోఇండెక్స్ పెట్టేసి చేతులు దులుపుకుంటామంటే ఒప్పుకోవద్దు.

అందుకే ఈ వారం ఒక పని చేయండి. మీ పేరు, మీ ఊరి పేరు కలిపి వెతకండి. ఏదన్నా దొరికితే ఆ స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టకండి, మళ్లీ మనమే పంచినట్టవుతుంది. ఆ ఆఫీసుకి లిఖితపూర్వకంగా అర్జీ ఇచ్చి, ఫైలు తీసేయమనండి, రసీదు తీసుకోండి. తీసేశాక కూడా గూగుల్‌లో కనిపిస్తుంటే, పాత కంటెంట్ తొలగించమని గూగుల్‌కే ఫారం పెట్టొచ్చు. గూగుల్ ఫలితం ఒక్కటే తీయిస్తే అసలు ఫైలు అక్కడే ఉంటుంది, కాబట్టి ముందు ఆఫీసు, తర్వాత గూగుల్.

మన కోచింగ్ సైటులో జాబితా పూర్తిగా తీసేశాం. దరఖాస్తు పెట్టుకున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి క్షమాపణ. అర్జీ రాయడం రాకపోతే అడగండి, కలిసి రాద్దాం.

జోహార్.