అర్థాలు వచ్చాయి, చదువు రాలేదు

ప్రాథమిక పాఠశాలల గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "ఈ కాలం పిల్లలకు పదజాలం లేదండీ, అందుకే చదవలేకపోతున్నారు. ముందు పదాలు నేర్పాలి." టీచర్లూ ఇదే అంటారు, తల్లిదండ్రులూ ఇదే అంటారు, శిక్షణ తరగతుల్లో చెప్పడానికి వచ్చినవాళ్లూ ఇదే అంటారు. కొత్త పదాలు, అర్థాలు, పర్యాయపదాలు, నానార్థాలు, ప్రకృతి-వికృతులు అంటూ నోట్సులు నిండిపోతున్నది ఈ నమ్మకం వల్లే. పాఠం ఇంకా మొదలుపెట్టకుండానే బోర్డు మీద అర్థాల పట్టిక పడుతుంది. పిల్లలు ఎక్కించుకుంటారు, మర్నాటికి ఒప్పజెబుతారు. ఇది చదువు చెప్పడం కాదనీ, చదువుకు అడ్డం పడటమనీ నా వాదన.

ఆ పట్టిక చేసే పని ఏమిటో చూడండి. "తరువు అంటే?" అని అడిగితే "వృక్షం" అని తరగతి అంతా ఒక్క గొంతుతో చెబుతుంది. వృక్షం అంటే ఏమిటో సగం మందికి తెలియదు. ఇంటి ముందున్న వేపచెట్టు రోజూ ఎక్కి దిగే పిల్లాడికి తెలియని ఒక మాటకు తెలియని ఇంకో మాటను జతచేసి ఇచ్చాం. వాడు మాటల జంటను నేర్చుకున్నాడు, మాటను నేర్చుకోలేదు. సొంత వాక్యం రాయమంటే ఈ గుట్టు బయటపడుతుంది. "తరువు అంటే నాకు చాలా ఇష్టం" అని రాస్తాడు. వారిధి అన్నా ఇష్టమే, తిమిరం అన్నా ఇష్టమే. ఏ మాటకైనా సరిపోయే వాక్యం ఒకటి చేతిలో ఉంటే మాట తెలియాల్సిన అవసరం లేదని పిల్లలు ఎప్పుడో కనిపెట్టేశారు. మనం దానికి టిక్కు పెట్టి మార్కులు వేస్తున్నాం.

ఇది తెలుగు పిల్లల లోపం కాదు. అమెరికాలో జార్జ్ మిల్లర్, ప్యాట్రీషియా గిల్డియా అనే పరిశోధకులు 1987లో ఇలాంటి సంగతే రాశారు. నిఘంటువులో అర్థం చూసి సొంత వాక్యం రాయమని అక్కడి అయిదారు తరగతుల పిల్లలకు పని ఇస్తే వింత వింత వాక్యాలు వచ్చాయి. నేల కోతకు గురవడాన్ని చెప్పే 'ఇరోడ్' అనే మాటకు ఇచ్చిన వివరణలో 'ఈట్ అవుట్' అని ఉంది. హోటల్లో తినడం కాబోలనుకున్న విద్యార్థి ఒకరు తమ కుటుంబం తరచూ 'ఇరోడ్' అవుతుందని రాశారు. అర్థం చూశారు, మాట మాత్రం అందలేదు. ఆ మాట ఏ సందర్భంలో, ఏ మాటల పక్కన నిలబడుతుందో నిఘంటువు చెప్పదు. అది నాలుగైదు చోట్ల తారసపడితేనే తెలుస్తుంది.

అసలు పిల్లలు చదవలేకపోతున్నది మాటలు తెలియకేనా? పిల్లల చదువును పరీక్షించే 'అసర్' సర్వేలో వాళ్ల చేతికిచ్చేది అక్షరాలు, చిన్న చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. అర్థాలు అడగరు, చదివితే చాలు. 2024లో దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో ఆ రెండో తరగతి కథను చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. అంత చిన్న కథలో పిల్లలకు తెలియని గంభీరమైన పదాలేమీ ఉండవు. ఆ మాటలే వాళ్ల నోట వింటున్నాం, కాగితం మీద ఉంటే మాత్రం ఆగిపోతున్నారు. బడిలో అడుగుపెట్టేనాటికే పిల్లల నోట వేల మాటలు ఆడుతుంటాయి. లేనిది అక్షరాన్నీ గుణింతాన్నీ ఒత్తునూ కలిపి గబగబా చదివే అలవాటు. అది బోలెడంత చదివితేగానీ రాదు. చదవడానికి ఇవ్వాల్సిన సమయాన్ని అర్థాలు ఎక్కించడానికి ఖర్చుపెట్టి, ఆనక చదవలేకపోతున్నారని వాపోతే ఎలా?

గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో దీన్ని చిన్న లెక్కగా చెప్పారు. చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాన్ని మాటగా మార్చే నేర్పును భాష తెలియడంతో హెచ్చవేయడం. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. మన అర్థాల పట్టిక మొదటిదాన్ని ముట్టుకోదు. రెండోదాన్ని పెంచుతున్నట్టు నటిస్తుంది.

పట్టికను సమర్థించేవాళ్ల చేతిలో ఒక గట్టి ఆయుధం ఉంది, అమరకోశం. "మా తాతలు అమరం వల్లెవేయలేదా? వాళ్లు పండితులు కాలేదా?" అంటారు. వల్లెవేశారు, నిజమే. కానీ అమరకోశం పద్యాల్లో ఉంది, పాడుకుంటే నోటికొచ్చే అనుష్టుప్పుల్లో ఉంది. స్వర్గం, పాతాళం, భూమి, వనౌషధులు అంటూ వర్గాలుగా కుదురుకుని ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, అది చదివిన పిల్లాడి కోసం తర్వాత మెట్టు మీద రఘువంశం కాచుకుని ఉండేది. వల్లెవేసిన మాట కావ్యంలో మళ్లీ మళ్లీ ఎదురొచ్చేది. ఇప్పటి పిల్లాడికి పట్టిక ఉంది, దాని తర్వాత కావ్యం లేదు. పరీక్ష అయిపోగానే ఆ మాట వాడికి మళ్లీ ఎక్కడా కనిపించదు. పైగా ఆ రోజుల్లో అమరం చదివిన కొద్దిమందినే లెక్కపెట్టి, బడి గడప తొక్కని వేలమందిని వదిలేసి తీసే సగటు సగటే కాదు.

తాతల సంగతి వదిలేద్దాం, నాన్నల తరాన్ని అడగండి. 1947 జులైలో మొదలైన 'చందమామ' ఎన్ని లక్షల ఇళ్లలో చదువు నేర్పిందో ఎవరికి తెలియదు? కొడవటిగంటి కుటుంబరావు దాదాపు మూడు దశాబ్దాలు ఆ పత్రిక భాషను చూసుకున్నారు. వాక్యాలు చిన్నవి, తేటవి. అలాగని మాటలను పలచన చేయలేదు. భేతాళ కథల సంగతే తీసుకోండి. ప్రతి నెలా కథ దాదాపు ఒకే తీరున మొదలై ఒకే తీరున ముగిసేది. శవం, శ్మశానం, మౌనం, భంగం, శ్రమ లాంటి మాటలు నెలనెలా అదే చోట కనిపించేవి. పక్కనే శంకర్ గీసిన విక్రమార్కుడు, భుజాన శవం, చేతిలో కత్తి. మౌనభంగానికి అర్థం ఎవరూ రాయించలేదు. రాజు నోరు విప్పాడు, శవం చెట్టెక్కింది, పిల్లాడికి అర్థమైపోయింది. మళ్లీ మళ్లీ రావడం, కథలో అవసరమై రావడం, బొమ్మ పక్కన రావడం, ఈ మూడింటితోనే మాట మనదవుతుంది. మన పట్టికలో ఈ మూడూ లేవు.

సాహిత్య పరిభాష విషయంలో ఇదే పొరపాటు ఇంకా ముదిరింది. ఇతివృత్తం, ప్రక్రియ వంటి మాటలు వాచకం విషయసూచికలో గళ్లు కట్టి కూర్చుంటాయి. "ఈ పాఠం ప్రక్రియ ఏది? ఇతివృత్తం ఏది?" అంటే పిల్లలు టకీమని చెప్పేస్తారు. ఆ కథలో నక్క ఎందుకు అబద్ధమాడిందని అడగండి, నోట్సు వెతుకుతారు. నిజానికి కథ విన్న ఆరేళ్ల పిల్ల "పాపం, ఆ మేక అమ్మ మాట వింటే బాగుండేది" అన్నప్పుడే పాత్ర గురించి మాట్లాడేసింది. ఆ ముచ్చటకు తర్వాత ఎప్పుడో ఒక పేరు పెడితే సరిపోతుంది. ముచ్చట జరగకుండా పేరు ఒక్కటే అప్పజెబితే అది ఇంకో బట్టీ ముక్క, అంతే.

అయితే మాటలు చెప్పనే వద్దా? అలా అనడం లేదు. పరిశోధకురాలు ఇసబెల్ బెక్, ఆమె సహచరులు దశాబ్దాల తరబడి చేసిన పని, పిల్లలకు మాటలను నేరుగా నేర్పడం మేలు చేస్తుందనే చెబుతుంది. కానీ ఎలా? ముందు కథ చదివి వినిపించి, అందులోంచి కొద్ది మాటలే ఏరుకుని, వాటిని పిల్లల సొంత భాషలో విప్పి, వేరే సందర్భాల్లో వాళ్ల చేతే వాడించి, తర్వాతి రోజుల్లో మళ్లీ మళ్లీ గుర్తుచేసి. ఒక్క పీరియడులో పదిహేను పదాలు ఎక్కించే పద్ధతికీ దీనికీ పేరులో తప్ప పోలికే లేదు. ఇక పిల్లల సొంత భాష అన్నప్పుడు ఆ మాటకు కట్టుబడాలి. ఒకచోట ఆనపకాయ, ఇంకోచోట సొరకాయ. వాచకంలో ఏది ఉంటే అదే ఒప్పు, ఇంటి మాట తప్పు అని దిద్దిన రోజున పిల్లాడికి ఉన్న పదజాలాన్నే కొట్టేశాం. గోండీనో కోయనో మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పిల్లల విషయంలో ఈ అన్యాయం రెట్టింపు.

"క్లాసులో అరవై మంది, సిలబస్ అవ్వాలి, కథలు చదివే తీరిక ఎక్కడిది?" అని టీచర్లు అడుగుతారు. వాళ్ల ఇబ్బంది నిజం. ఒకే టీచరు అయిదు తరగతులు చూసుకునే బడులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. కానీ అర్థాలు రాయించి, దిద్ది, ఒప్పజెప్పించుకునే సమయం ఎక్కడి నుంచి వస్తోందో అక్కడి నుంచే ఇదీ వస్తుంది. ఒక్కరే చదివినా అరవై మందీ వినవచ్చు. పుస్తకాలు లేవని కూడా అనలేం. ప్రతి బడిలో కథల పుస్తకాలతో గ్రంథాలయం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. వచ్చిన పుస్తకాలు చాలాచోట్ల బీరువాలో తాళం కింద ఉన్నాయి, చిరిగితే స్టాకు రిజిస్టరుకు జవాబు చెప్పాలన్న భయంతో. పుస్తకానికి వికృతి పొత్తం అని పిల్లలకు కంఠతా వచ్చు. ఆ పొత్తం ఒక్కటి చేతికి రాదు.

కాబట్టి టీచర్లను తిట్టి లాభం లేదు, పరీక్ష పేపరు తయారుచేసేవాళ్లను అడగాలి. అర్థాలు రాయండి, జతపరచండి, ప్రకృతికి వికృతి రాయండి అన్న ప్రశ్నలకు మార్కులు ఉన్నంతకాలం బళ్లో అవే నడుస్తాయి. ఆ మార్కులు తీసి, పిల్లలు అంతకుముందు చూడని చిన్న కథ ఇచ్చి చదివించండి, దాని మీద రెండు మాటలు సొంతంగా చెప్పించండి. చిరిగిన పుస్తకానికి లెక్క అడగబోమని ఒక ఉత్తర్వు ఇవ్వండి. రోజూ ఇరవై నిమిషాలు టీచరు గొంతెత్తి చదవడాన్ని టైంటేబుల్లో పెట్టండి. ఈ మూడింటికీ కొత్త బడ్జెట్ అక్కర్లేదు, కొత్త పథకం పేరూ అక్కర్లేదు. ఇవి చేయకుండా పిల్లలకు పదజాలం లేదని నింద వేసే హక్కు పెద్దలకు లేదు.