న్యాయపీఠము – శాసనసభ

గుంటూరులో ఒకప్పుడు హైకోర్టు ఉండేదని చెప్పినపుడు మన విద్యార్థులలో పలువురు ఆశ్చర్యపడుచున్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినపుడు రాజధాని కర్నూలుకు దక్కినది. 1954 జూలైలో హైకోర్టు గుంటూరులో నెలకొన్నది. అంతవరకు తెనాలి, బాపట్ల, రేపల్లె కక్షిదారులు అప్పీలుకై మద్రాసు హైకోర్టుకు పోవలసినవారే. రాజధాని ఒకచోట, హైకోర్టు వేరొకచోట అను ఈ ఏర్పాటుకు మూలం 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక. అది ప్రాంతాల నడుమ పంపకము. అధికారాల విభజన అనునది వేరు విషయము. ఈ రెంటిని మనవారు నేటికిని కలగాపులగం చేయుచున్నారని మా అభిప్రాయం.

భవనాల నడుమ దూరం స్వతంత్రతకు కొలబద్ద కానేరదు. మన సుప్రీంకోర్టు 1950 నుండి 1958 వరకు పార్లమెంటు భవనంలోనే కొలువుదీరి, అచటినుండియే రాజ్యాంగవిరుద్ధమైన శాసనాలను కొట్టివేసినది. ఇంగ్లండులో ప్రభువుల సభయే 2009 వరకు తుది న్యాయస్థానముగా చెల్లినది. ఆ యేడు అక్టోబరు 1న గాని అచట సుప్రీంకోర్టు ఏర్పడలేదు. పార్లమెంటుకు పుట్టినిల్లనదగిన దేశం ఇంత జాగు చేయుట వింతయే!

శాసనం చేసినవారే దాని మంచిచెడ్డలకు తీర్పరులు కారాదు. రాజ్యాంగం 30వ అధికరణం అల్పసంఖ్యాకులకిచ్చిన హక్కుపై మన కళాశాల నిలిచియున్నది. ఆ హక్కుకు సభలోని ఓట్ల లెక్కయే రక్షణ అయినచో, మన లెక్క యెంత? గుంటూరు హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు, 1967లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు సైతం హరింపజాలదని తీర్పు చెప్పిరి. 1973లో కేశవానంద భారతి కేసులో ఆ తీర్పును తోసిపుచ్చినను, రాజ్యాంగ మౌలిక స్వరూపం పార్లమెంటు చేతికి అందనిదని స్థిరపడినది.

1956లో హైదరాబాదుకు తరలిన హైకోర్టు 2019 జనవరి 1న అమరావతికి వచ్చినది. 2020లో కర్నూలును న్యాయ రాజధానిగా పేర్కొనుచు శాసనం చేసి, 2021లో దానిని రద్దుచేసిరి. 2014 పునర్విభజన చట్టం ప్రకారం హైకోర్టు ప్రధాన పీఠమును నిర్ణయించువారు రాష్ట్రపతి. సభలో మెజారిటీ మారినపుడెల్ల న్యాయపీఠం మూటాముల్లె సర్దుకొనుట తగదు. అయినను సీమవాసుల కోరిక న్యాయమైనదే. తెనాలి కక్షిదారుడు ఉదయం బయలుదేరి హైకోర్టులో పని చూచుకొని రాత్రికి ఇల్లు చేరగలడు. ఆదోని కక్షిదారునికి ఆ వీలు లేదు. ప్రధాన పీఠమును కదల్పక, హైకోర్టు సమ్మతితో కర్నూలులో ఒక బెంచి నెలకొల్పుటను మేము బలపరచుచున్నాము.