కీమో రోగి నోట్లో తెల్లపూత... ‘వేడి’ అనుకోవద్దు

బ్లడ్ క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న మనిషి నాలుక మీద విరిగిన పాల ముక్కల్లా తెల్లని పూత కనిపిస్తే, మన ఇళ్లలో ముందుగా వినిపించే మాట ‘వేడి చేసింది’. మందుల షాపు నుంచి బీకాంప్లెక్స్ మాత్రలు వస్తాయి. ఒకరు నెయ్యి రాయమంటారు, ఇంకొకరు తేనె రాయమంటారు. అలా నాలుగు రోజులు గడిచిపోతాయి. లుకేమియా రోగికి ఆ నాలుగు రోజులే ప్రమాదం.

ఆ పూతకు ఎక్కువగా కారణం కాండిడా అనే ఫంగస్. ఆరోగ్యంగా ఉన్న చాలామంది నోళ్లలోనూ అది ఉంటుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు, లాలాజలం, నోటి లోపలి పొర దాన్ని హద్దులో ఉంచుతాయి. బ్లడ్ క్యాన్సర్‌లో ఈ కాపలా అంతా ఒకేసారి కూలుతుంది. రిపోర్టులో తెల్లకణాలు లక్ష దాటినా ధైర్యపడటానికి లేదు. వాటిలో ఎక్కువభాగం పక్వానికి రాని క్యాన్సర్ కణాలే, అవి పోరాడలేవు. కీమో మొదలయ్యాక అసలైన న్యూట్రోఫిల్స్ కూడా పడిపోతాయి. మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గితే పరిస్థితి తీవ్రమైనట్టే. సైటరబిన్ లాంటి మందులు నోటిపొరను పుండు చేస్తాయి. జ్వరానికి వాడే యాంటీబయాటిక్స్ నోట్లోని బ్యాక్టీరియాను తుడిచిపెట్టి ఫంగస్‌కు చోటిస్తాయి.

గాజుగుడ్డతో తుడిస్తే పూత ఊడి, కింద ఎర్రగా పచ్చిపుండు బయటపడుతుంది. అన్నిసార్లూ తెల్లగానే ఉండదు. నాలుక ఎర్రగా నున్నగా మారి మండటం, పెదవుల మూలలు చిట్లడం కూడా దీని లక్షణాలే. మింగేటప్పుడు ఛాతీలో నొప్పి వస్తే ఫంగస్ అన్నవాహికకు దిగిందేమోనని అనుమానించాలి. పుండుపడ్డ పొరల గుండా అది రక్తంలో చేరితే ప్రాణాల మీదికి వస్తుంది. అంగిలి నల్లబడితే మాత్రం అది మ్యూకర్ కావచ్చు. 2021లో కోవిడ్ వెంట వచ్చి మనల్ని వణికించిన బ్లాక్ ఫంగస్ అదే. అక్కడ గంటలు కూడా లెక్కే.

మందులున్నాయి. క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్, నిస్టాటిన్, ఫ్లూకొనజోల్ అందుబాటులోనే ఉన్నాయి. సొంత వైద్యంతోనే భయం. తామరకు తెచ్చి మిగిల్చిన ఐట్రాకొనజోల్ ఇంట్లో ఉంది కదా అని వేస్తే, లుకేమియా పిల్లలకు ఇచ్చే విన్‌క్రిస్టిన్ శరీరం నుంచి త్వరగా పోదు. నరాలు దెబ్బతింటాయి, పేగు కదలిక ఆగిపోవచ్చు. క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలించి వెంటనే నిస్టాటిన్ వేసినా మందు పనిచేయదు, మధ్యలో కనీసం అరగంట వ్యవధి ఉండాలి.

కీమోకు ముందే పుచ్చుపళ్లు, చిగుళ్లు, కట్టుడు పళ్లు చూసే దంతవైద్యులు ప్రతి క్యాన్సర్ వార్డుకూ అవసరం. హైదరాబాద్, విజయవాడల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. అక్కడి పీజీ విద్యార్థులకు క్యాన్సర్ వార్డుల్లో డ్యూటీ తప్పనిసరి చేయాలి. అందుకు కొత్త భవనాలు కట్టనక్కర్లేదు, ప్రభుత్వాలు గట్టిగా అనుకుంటే చాలు.

మీ ఇంట్లో ఎవరికైనా కీమో నడుస్తుంటే రోజూ టార్చి వేసి వారి నోరు చూడండి. పూత కనిపిస్తే ఆ రోజే చికిత్స చేస్తున్న డాక్టరుకు చెప్పండి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.